గోడ మీది నోటుబుక్కు

ముప్పై ఏడేళ్ల నర్సు ఉద్యోగం నేర్పిన తొమ్మిది పాఠాలు

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తనకు ఫ్లోర్ ఇన్‌చార్జి ఇచ్చారని చెప్పింది. అందరం సంతోషించాం. రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో నా పక్కన చేరి, "పెద్దమ్మా, నా కింద ఇరవై ఇద్దరున్నారు. ఆరు నెలల్లో ఏడుగురు మానేశారు. జీతం ఒక్కటే అయితే అర్థం చేసుకుందును. ఎవర్ని అడిగినా 'ఏమో సిస్టర్, ఇంక చాతకావట్లేదు' అంటున్నారు. నేనేం చెయ్యను?" అంది.

నేను 1984లో స్టాఫ్ నర్సుగా చేరాను. హెడ్ నర్సునై, చివరికి నర్సింగ్ సూపరింటెండెంటుగా 2021 జూన్‌లో రిటైరయ్యాను. అన్నీ ప్రభుత్వాసుపత్రులే. ఆ పిల్లకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. వెళ్లిపోయాక కూర్చుని రాసుకున్నవే ఇవి.

'చాతకావట్లేదు' అన్న మాటకు పెద్దవాళ్లు పెట్టిన పేరు బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన కొత్త వ్యాధుల వర్గీకరణలో దీని గురించి రాస్తూ మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో సత్తువ అడుగంటడం, పని మీద మనసు విరిగిపోవడం, చేస్తున్నదేదీ అక్కరకు రావట్లేదనిపించడం. అది జబ్బు కాదనీ, పనిచేసే చోట దీర్ఘకాలం ఉన్న ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోతే వచ్చేదనీ కూడా స్పష్టంగా చెప్పింది. పనిచేసే చోట పుట్టినదానికి మందు కూడా ఆ చోటులోనే వెతకాలి. నా పాఠాలన్నీ ఆ వెతుకులాటలో దొరికినవే.

1. డ్యూటీ లిస్టు ముందుగా వెయ్యండి

నేను చేరిన కొత్తలో డ్యూటీ లిస్టు శనివారం సాయంత్రం అంటించేవారు. ఆదివారం నుంచి మార్నింగా, ఈవినింగా, నైటా అన్నది అప్పుడే తెలిసేది. అందరం బోర్డు ముందు మూగి, వేలు పెట్టి పేరు వెతుక్కునేవాళ్లం. నైట్ పడిందని చూడగానే గుండె జారేది. పిల్లాణ్ణి రాత్రికి ఎవరి దగ్గర పడుకోబెట్టాలి? అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? పని ఎక్కువైందని ఏడ్చిన నర్సుల కంటే, రేపు ఏ డ్యూటీయో తెలియక ఏడ్చినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

హెడ్ నర్సునయ్యాక నేను చేసిన మొదటి పని, వచ్చే నెల లిస్టు ఈ నెల 25వ తారీఖుకల్లా వేసెయ్యడం. రెండో పని, డ్యూటీ రూములో గోడకు మేకు కొట్టి ఒక పొడుగు నోటుబుక్కును దారంతో వేలాడదీయడం. ఎవరికి ఏ రోజు సెలవు కావాలో, ఏ షిఫ్టు వద్దో 20వ తారీఖులోపు అందులో రాసుకోవాలి. కారణం రాయక్కర్లేదు. ముందు రాసినవాళ్లది ముందు చూస్తాను. కుదరకపోతే ఎందుకు కుదరలేదో ఆ పక్కనే రాస్తాను.

మొదట సీనియర్లు గొణిగారు. నిన్నగాక మొన్న చేరినవాళ్ల మాటా తమ మాటా ఒకటేనా అన్నారు. మూడు నెలలు గడిచేసరికి వాళ్లకూ ఇది నచ్చింది. చెప్పకుండా మానేయడం బాగా తగ్గింది. తోడికోడలి సీమంతానికి వెళ్లాలంటే జ్వరమని అబద్ధమాడాల్సిన అవస్థ తప్పింది మరి.

2. తాగునీళ్లు, బాత్రూము, తలుపుకు గడియ

ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ల సర్జికల్ వార్డుకు స్టాఫ్ బాత్రూము ఉండేది కానీ, తలుపుకు గడియ ఉండేది కాదు. ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట నిలబడాలి. రాత్రిపూట నలభై మంది రోగులకు ఇద్దరం ఉండేవాళ్లం. ఇద్దరం వార్డు వదిలి అక్కడ నిలబడితే బెల్లు కొట్టిన రోగిని ఎవరు చూస్తారు? అందుకని అమ్మాయిలు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేశారు. మూత్రంలో మంట, చలిజ్వరం ఒకరి తర్వాత ఒకరికి వచ్చేవి. నెలసరి రోజుల బాధ చెప్పనే అక్కర్లేదు. డ్యూటీ డాక్టరు ప్రతిసారీ యాంటీబయాటిక్ రాసేవాడు. అసలు మందు వడ్రంగి చేతిలో ఉంది.

నాలుగు ఉత్తరాలు రాశాను. చివరికి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ నిధుల్లోంచి మంజూరైంది. వడ్రంగి వచ్చి అరగంటలో గడియ బిగించి వెళ్లిపోయాడు. ఆ అరగంట పని కోసం మేము ఏడాది అవస్థ పడ్డాం. ఇప్పటికీ ఏ ఆసుపత్రికి వెళ్లినా స్టాఫ్ బాత్రూము తలుపు ఒకసారి చూసిగానీ బయటికి రాను.

సిబ్బంది క్షేమం కోసమని ఈమధ్య యోగా క్లాసులు పెడుతున్నారు, మే 12న నర్సుల దినోత్సవానికి కేకు కోస్తున్నారు. చేయండి, మంచిదే. అంతకంటే ముందు నీళ్ల క్యాను, గడియ ఉన్న తలుపు, మందుల బల్ల మీద కాకుండా కూర్చుని క్యారేజీ విప్పుకునేందుకు ఒక చోటు ఏర్పాటు చేయండి.

3. నిద్ర చాలని చేతికి సిరంజి ఇవ్వకండి

మా రాత్రి డ్యూటీ ఎనిమిది నుంచి ఎనిమిది దాకా పన్నెండు గంటలు. ఇంటికెళ్లి వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, పడుకునేసరికి పదకొండు. మళ్లీ సాయంత్రం లేచి రావాలి. నాతో పనిచేసిన ఒక సిస్టర్ వరసగా ఆరో నైట్ ముగించుకుని స్కూటీ మీద ఇంటికి వెళ్తూ నిద్రలోనే డివైడరుకు కొట్టుకుంది. తుంటి ఎముక విరిగింది. మా ఆర్థో వార్డులోనే నెలరోజులు పడుకుంది.

1997లో వచ్చిన ఒక పరిశోధన గురించి మా శిక్షణ తరగతిలో ఒక మత్తు డాక్టరు చెప్పారు. పదిహేడు గంటలు నిద్రపోకుండా ఉన్న మనిషి చేతి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుందట. మన దేశంలో 0.03 శాతం దాటితే పోలీసులు బండి ఆపి కేసు రాస్తారు. బండి నడపడానికి పనికిరాని స్థితిలో ఉన్న మనిషి చేత మనం నరానికి ఇంజెక్షను చేయిస్తున్నాం.

డాక్టరు పిల్లల సంగతి ఇంకా ఘోరం. కేంద్ర ప్రభుత్వం 1992 నాటి రెసిడెన్సీ నిబంధనల్లో జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి 48 గంటలు, ఒక్క విడతలో పన్నెండు గంటలు మించకుండా పనిచేయాలని రాసింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటకూడదని సిఫారసు చేయాల్సి వచ్చింది. ముప్పై రెండేళ్లలో మన ఆశ ఎంత తగ్గిపోయిందో ఆ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

నేను చేయగలిగింది చిన్నదే. వరసగా నాలుగు నైట్లు దాటనివ్వలేదు. ఆ తర్వాత రెండు రోజులు పిలవలేదు. రాత్రి ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య వంతులవారీగా అరగంట కునుకు తీయనిచ్చాను. ఎవరు పడుకున్నారో, ఎవరు మేలుకుని ఉన్నారో స్లిప్పు మీద రాసిపెట్టమన్నాను. చాటుగా తీసే కునుకు ప్రమాదం. చెప్పి తీసే కునుకు రోగికీ రక్షణే.

4. పొరపాటు చేసిన మనిషినీ చూసుకోవాలి

పక్కపక్క మంచాల మీద ఒకే పేరున్న ఇద్దరు రోగులు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన అమ్మాయి ఒకరి ఇంజెక్షను మరొకరికి చేసేసింది. వెంటనే గుర్తుపట్టి తానే పరుగున వచ్చి చెప్పింది. దేవుడి దయవల్ల రోగికి ఏమీ కాలేదు. పైనుంచి మెమో వచ్చింది. ఆ పిల్ల సంజాయిషీ రాస్తుంటే పెన్ను పట్టుకున్న వేళ్లు వణికాయి. మర్నాటి నుంచి సిరంజి ముట్టుకోలేకపోయింది.

ఇలాంటి మనిషిని 'రెండో బాధితుడు' అన్నారు అమెరికన్ వైద్యుడు ఆల్బర్ట్ వూ, 2000 సంవత్సరంలో రాసిన వ్యాసంలో. మొదటి బాధితుడు రోగి. పొరపాటు చేసి, దాన్ని గుండెల్లో మోస్తూ తిరిగే డాక్టరో నర్సో రెండోవారు.

నేను ఆ అమ్మాయిని వారం రోజులు ఒక సీనియర్ పక్కన వేశాను. ఆ సీనియర్ మందు తీసి చూపిస్తే ఇద్దరూ పేరు చదివి, ఆ తర్వాతే ఇచ్చేవారు. పొరపాటు ఎవరిదని అడగడం మాని, ఎలా జరిగిందని అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకే పేరున్నవాళ్లకు దూరంగా మంచాలు ఇవ్వడం, చేతికి పట్టీ కట్టడం, పేరుతో పాటు తండ్రిపేరో భర్తపేరో అడగడం అప్పటి నుంచి మా వార్డు పద్ధతి అయ్యాయి. ఆ అమ్మాయిని ఇంటికి పంపేసి ఉంటే మంచాలు అలాగే ఉండేవి. తర్వాత చేరిన పిల్ల అదే పొరపాటు చేసేది.

5. సూది గుచ్చుకున్న ఆయా సంగతి ముందు చూడండి

చెత్త సంచి మోసుకెళ్తుంటే లోపలున్న సూది ఒక ఆయా తొడకు దిగింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, చెబితే తీసేస్తారని భయం. నాలుగో రోజు మాటల్లో బయటపడింది. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందు వీలైతే మొదటి రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆమెకు ఆ గడువు దాటిపోయింది. ఆర్నెల్లపాటు రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ నేనూ ఆమెతో లాబ్ బయట కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఆ ఆర్నెల్లూ ఆమె తన మనవడిని ఎత్తుకోలేదు.

లెక్క తెలుసుకోండి. హెచ్.ఐ.వి. ఉన్న రోగి సూది గుచ్చుకుంటే ఆ వైరస్ సోకే ప్రమాదం వెయ్యిలో ముగ్గురికి. అదే హెపటైటిస్ బి అయితే టీకా లేనివాళ్లలో వందకు ముప్పై మంది వరకూ. అంత ప్రమాదాన్ని మూడు డోసుల టీకా ఆపుతుంది: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఈ టీకా వేయించడం, ఏడాదికోసారి ఆరోగ్యపరీక్ష చేయించడం ఆసుపత్రి బాధ్యత. కాంట్రాక్టరు మనిషని తప్పించుకోవడానికి వీల్లేదు.

సూది గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే చెప్పాలి. ఇవి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, చదువు రానివాళ్లకు బొమ్మలు వేయించి, ప్రతి వార్డులో అంటించాం. కింద ఒక మాట చేర్చాను: 'చెప్పినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు.' ఆ మాట మీద సూపరింటెండెంటు గారి సంతకం పెట్టించాను. ఆ సంతకం పడ్డాకే ఆయాలు వచ్చి చెప్పడం మొదలుపెట్టారు.

6. కోపంతో వచ్చే బంధువుకు ముందే కబురు అందాలి

ఆసుపత్రి సిబ్బంది మీద దాడులను శిక్షించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం వచ్చింది. మూడేళ్ల దాకా జైలు ఉంది. కరోనా కాలంలో 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించి శిక్షలు ఇంకా పెంచారు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మను చంపేశాక సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. చట్టం కావాలి. అయితే అది దెబ్బ తగిలాక పనికొస్తుంది. దెబ్బ తగలకుండా చూసుకునే పని మనది.

క్యాజువాలిటీలో నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం ఒకటే, లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లకు ఎవరూ చెప్పకపోవడం. మా ఐసీయూలో పొద్దున పదకొండింటికి, సాయంత్రం ఆరింటికి డాక్టరూ నర్సూ కలిసి బయటికొచ్చి ప్రతి రోగి బంధువుతో మాట్లాడాలని పెట్టాం. పరిస్థితి బాగాలేకపోతే ఆ మాట ముందే చెప్పాలి. చావు కబురు చెప్పాల్సి వస్తే సీనియర్ డాక్టరే చెప్పాలి. ఇరవై ఐదేళ్ల పీజీ పిల్లను ఒంటరిగా ఆ గుంపులోకి పంపకూడదు. మాటలతో ఆగే గొడవలు చాలా ఆగాయి.

రాత్రి డ్యూటీ వదిలి హాస్టలుకు నడిచే దారిలో దీపాలు వెలుగుతున్నాయో లేదో ఇన్‌చార్జి స్వయంగా నడిచి చూడాలి. లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆడవాళ్ల డ్యూటీ రూములో కనపడేలా పెట్టండి. ఆఫీసు ఫైల్లో ఉన్న కమిటీ దగ్గరికి ఏ అమ్మాయీ వెళ్లదు.

7. చావు చూసిన రోజు పది నిమిషాలు ఆగండి

2021 మే నెలలో ఒక తెల్లవారుజామున మా కోవిడ్ వార్డులో ఒక కుర్రాడు పోయాడు. వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి చూపించింది మా స్టాఫ్ నర్సు. ఆ కేసుషీటు మూసి, పీపీఈ కిట్ లోపలే కళ్లు తుడుచుకోలేక, తర్వాతి మంచానికి వెళ్లింది. పొద్దున ఎనిమిదింటికి హ్యాండోవర్ ఇస్తూ అందరి వివరాలూ చెప్పింది, అతని మంచం నంబరు దగ్గర ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా వార్డులో చావు జరిగితే డ్యూటీ దిగేవాళ్లను పది నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని. టీ తెప్పించేదాన్ని. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, లేదంటే ఊరికే కూర్చుంటారు. తప్పులు వెతక్కూడదు, సలహాలు ఇవ్వకూడదు. ఆయా, వార్డుబాయ్, డాక్టరు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఇంట్లో ఎవరైనా పోతే నలుగురూ వచ్చి కూర్చుంటారు కదా. వార్డులో పోయినప్పుడు మనకు మనమే ఆ నలుగురం.

పది నిమిషాలతో తీరని బాధలూ ఉంటాయి. ఆ సిస్టరుకు నెలల తరబడి నిద్ర పట్టలేదు. మా ఆసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీ ఉంది, కానీ తెలిసినవాళ్లు చూస్తారని ఆమె వెళ్లలేదు. వేరే ఊళ్లో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మన దగ్గర వైద్యం ఉంది కదా అనుకుంటే సరిపోదు, సిగ్గుపడకుండా వెళ్లగలిగే దారి కూడా ఉండాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు రోగుల కోసమే అనుకోకండి, మీ డ్యూటీ రూములోనూ రాసి పెట్టండి.

8. మనుషులు చాలనిచోట మంచిమాటలు చాలవు

భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. సెలవులకు వెళ్లేవాళ్ల కోసం ఇంకో ముప్పై శాతం అదనంగా ఉండాలి. నేను ఇద్దరితో నలభై మందిని చూసిన రాత్రులు లెక్కలేనన్ని. ఇరవై మందిని చూస్తున్న పిల్లకు చిరునవ్వుతో ఉండమని క్లాసు చెబితే ఆమెకు ఒళ్లు మండుతుంది. అది న్యాయమైన మంట.

మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి షిఫ్టులో రోగులెందరు, నర్సులెందరు, ఆలస్యమైన పనులేవి అన్నది రోజూ రాసిపెట్టాలి. నోటితో మొత్తుకుంటే 'అన్ని చోట్లా ఇంతే' అంటారు. నేను రెండేళ్ల లెక్క పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. పన్నెండు మందిని అడిగితే ఆరుగురు కాంట్రాక్టు నర్సులొచ్చారు. ఆ ఆరుగురితోనే నైట్లను నాలుగుకు తగ్గించగలిగాను.

9. పేరు పెట్టి పిలవండి, పక్కకు పిలిచి మందలించండి

ఇది చిన్న పాఠం, ఖర్చు లేనిది. రోగుల ముందు తిట్టిన తిట్టు పదేళ్లయినా మరిచిపోరు. నన్ను 1986లో రౌండ్స్‌లో అందరి ముందూ ఒక పెద్ద డాక్టరు అన్న మాట నాకింకా గుర్తుంది. మందలించాల్సింది ఉంటే గదిలోకి పిలిచి, తలుపేసి, కూర్చోబెట్టి చెప్పండి. మెచ్చుకోవాల్సింది ఉంటే నలుగురిలో చెప్పండి. 'ఏయ్ ఆయా' అనకండి, ఆమెకొక పేరుంది. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు జీతాలు ఆలస్యమైతే మీ జీతం ఆగినట్టే వెళ్లి అడగండి. వాళ్ల తరఫున అడిగే గొంతు ఆసుపత్రిలో ఇంకెవరిదీ ఉండదు.

పోయిన శ్రావణంలో మా ఆడపడుచుకు గాల్ బ్లాడర్ ఆపరేషను అయితే, తోడుగా నేను పనిచేసిన పాత వార్డుకే వెళ్లాను. అక్కడున్నవాళ్లలో నన్నెరిగినవాళ్లు ఇద్దరే. మిగతా అందరూ కొత్తపిల్లలు. డ్యూటీ రూములోకి తొంగిచూశాను. అదే మేకు. దానికి కొత్త నోటుబుక్కు, కొత్త దారం. తెరిచి ఉన్న పేజీలో ఎవరో రాశారు: '14 ఈవినింగ్ వద్దు. పాప పుట్టినరోజు.' కారణం రాయక్కర్లేదు, అయినా సంతోషం పట్టలేక రాసుకున్నట్టుంది. పక్కన ఎర్రపెన్నుతో టిక్కు పెట్టి ఉంది.

మా చెల్లెలి కూతురికి ఫోన్ చేసి చెప్పాను: "అమ్మడూ, ముందు ఒక మేకు కొట్టించు."